చిరగని పొర

బురెక్ అనే పొరల రొట్టెలు కాల్చే దుకాణంలో వుకషిన్ పిండి సాగదీస్తుంటే చూడాలి. నూనె రాసిన ముద్దను గాలిలో తిప్పి తిప్పి విసిరి బల్లంతా పరిచేస్తాడు. పొర కింద చెక్క గీతలు కనపడాలి, చిల్లు మాత్రం పడకూడదు. చొక్కా ఎప్పుడూ ఉతికిందే, గడ్డం ఎప్పుడూ గీసిందే. ముద్దకీ ముద్దకీ మధ్య మాత్రం పిండి బస్తాల వెనక్కి వెళ్లి, మీసం తుడుచుకుంటూ వస్తాడు. పొయ్యి దగ్గర పనిచేసే మిలుంకకు ఆ మీసం సంగతి తెలుసు. మొగుణ్ణి రాకియాకే పోగొట్టుకున్న మనిషి, సారా వాసన ఆవిడకి ఒకరు చెప్పాలా? ఓ ఉదయం బస్తాల వెనక సీసా తీసి దాచేసింది.

"నా దగ్గు మందు చూశావా అక్కా?"

"చూశాను. మా ఆయనా ఆ దగ్గుతోనే పోయాడు. నోరు మూసుకుని పని చూడు."

చూశాడు పాపం. మొదటి పొర చిరిగింది. రెండోదీ చిరిగింది. చేతులు గజగజ వణుకుతున్నాయి. యజమాని తిహోమిర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా, పొద్దున్నే తాగొచ్చావా? ఇంకొక్కటి చిరిగిందంటే ఇంటికి పో."

వుకషిన్ ఇంకో ముద్దకి నూనె రాశాడు. మిలుంక తన కాఫీ పారబోసి, ఆ కప్పునే చాటుగా సీసాలోంచి నింపి తెచ్చింది.

"కాఫీ తాగు, చల్లారిపోతోంది."

ఒక్క గుక్కలో తాగాడు. కాసేపటికి మూడో పొర గాలిలో లేచి, బల్లంతా నున్నగా పరుచుకుంది.

"అదీ! తాగకపోతే ఎంత బాగా చేస్తావో చూడు" అని తిహోమిర్ వెళ్లిపోయాడు.

మిలుంక కప్పు కడిగింది. ఒకప్పుడు మొగుడి సీసాలన్నీ గోడకేసి కొట్టిన చెయ్యే అది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.