బ్లడ్ రిపోర్టు నార్మల్, కడుపు కాదు

మా కాలేజీ క్యాంటీన్‌లో ఉప్మా మరీ ఎక్కువ పెడుతున్నారని నాకొక ఫిర్యాదు ఉండేది. మదనపల్లెలో ఇరవై ఏళ్లుగా బోటనీ చెబుతున్నాను, ఏనాడూ ప్లేటులో మిగల్చలేదు. అలాంటిది ఆ మధ్య సగానికే కడుపు నిండిపోయేది. క్యాంటీన్ మునెప్పను నిలదీస్తే, "అదే గరిటె సార్. మీకే ఏమో అయ్యుండాది" అన్నాడు. నా జబ్బును మొదట కనిపెట్టింది అతనే.

నెలయినా తీరు మారకపోతే కుప్పం పెద్దాసుపత్రికి వెళ్లి ఎండోస్కోపీ చేయించుకున్నాను.

"ఎర్లీ గ్యాస్ట్రిక్ క్యాన్సర్. పై పొరలోనే ఉంది. కోత అక్కర్లేదు, ఈఎస్‌డీ చేద్దాం" అన్నారు అక్కడి డాక్టరమ్మ. అంటే నోట్లోంచి దించిన గొట్టంతోనే ఆ క్యాన్సర్ మచ్చను చెక్కి తీసేయడం. తీశారు. బయాప్సీలో మార్జిన్స్ క్లియర్, అంటే తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు. కడుపు మొత్తం నాకే మిగిలింది.

ఇంటికి పంపేముందు ఆవిడ బ్లడ్ రిపోర్టు చూపించారు. "కడుపు పొర తయారుచేసే పెప్సినోజెన్ తక్కువుంది. అంటే మీ కడుపు పొర బాగా అరిగింది. ఇంకో చోట రావచ్చు. ఏడాదికోసారి స్కోప్ తప్పదు."

ఏడాది తిరిగాక, కుప్పం పోతూ పుంగనూరులో మా చెల్లెలు గిరిజ ఇంట్లో ఆగాను. పరగడుపున రమ్మన్నారని ముందే చెప్పాను. తెల్లారగానే చెంబుడు రాగి అంబలి తెచ్చింది.

"ఇది తిండి గాదులేన్నా, తాగేది."

సైన్సు చదివిన నేను ఒప్పుకున్నాను. కుప్పంలో కెమెరాకు రాగిపిండి తప్ప ఏమీ కనబడలేదు. ఇంకో డేట్ ఇచ్చి వెనక్కి పంపారు.

ఆ డేట్‌కి నేను పోలేదు. గొట్టం మింగే బదులు ఇది చాలనుకుని, మదనపల్లె ల్యాబ్‌లోనే రక్తంలో క్యాన్సర్ జాడ చూసే సీఈఏ పరీక్ష చేయించాను. నార్మల్. స్టాఫ్ రూమంతా మైసూర్‌పాక్ పంచాను. ఎనిమిది నెలల తర్వాత సంగతి గిరిజకు తెలిసింది.

"యాల పోలేదు? చేతిలో సూది గుచ్చితే కడుపులో ఉండేది కనపడతాదా?" అని తనే వచ్చి కుప్పం బస్సెక్కించింది.

రెండో మచ్చ దొరికింది. "తొలిదశలో సీఈఏ పెరగకపోవచ్చు సార్. ఇంకా ఆలస్యం చేసుంటే కడుపే తీసేయాల్సి వచ్చేది" అన్నారు డాక్టరమ్మ. నేను పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చున్నాను, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. మళ్లీ ఈఎస్‌డీ. మళ్లీ మార్జిన్స్ క్లియర్.

ఆ తర్వాత రెండు స్కోప్‌లూ శుభ్రంగా వచ్చాయి. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తింటున్నాను, రెండోసారి కూడా వడ్డించుకుంటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. ఎవరు జాగ్రత్తగా ఉండాలో రక్తపరీక్ష చెబుతుంది, అంతేగానీ స్కోప్ పని అది చేయదు. ఇచ్చిన డేట్‌కి వెళ్లండి.

పోయిన వారం గిరిజ ఇంట్లో భోంచేస్తూ, "క్యాన్సర్‌ను రెండుసార్లు ఓడించినోణ్ణి" అన్నాను, కాస్త గొప్పగానే.

గిరిజ తలెత్తి చూసింది.

"నువ్వు గెలిసిందేమీ లేదన్నా. అది తొందరపడలేదు, అంతే."