వెన్నెలలో వెన్న

మా ఆయన కవి. నేను ఆఫీసు బస్సు అందుకోవాలని హడావుడి పడుతుంటే, ఆయన టీ చల్లార్చుకుంటూ ఏదో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు విప్పేవాడు. “జీవితంల నుంచి ‘వి’ జారిపోతే మిగిలింది జీతం” అని నన్ను ఆటపట్టించేవాడు. పరేషాన్ అంటే పారసీలో చెదిరిపోయినది అని అర్థమట. “జర నిలబడి విను” అనేవాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయేది. నాకు ఒళ్లు మండేది.

మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది. కాలూ చెయ్యీ త్వరగానే కోలుకున్నాయి. దవాఖానలో మాటలు నేర్పే అమ్మాయి గొడుగు బొమ్మ, కుర్చీ బొమ్మ చూపిస్తే తల తిప్పేసుకునేవాడు.

“అన్నీ అర్థమవుతున్నాయి మేడమ్, నోటికే అందడం లేదు. ఇంట్లో మీరు మాట్లాడుతూ ఉండండి” అంది ఆ అమ్మాయి.

ఏం మాట్లాడను? ఆయన చెప్పిన ఆ మాటల కథలే సాయంత్రాలు మా శేరిలింగంపల్లి ఫ్లాటు బాల్కనీలో ఆయనకే తిరిగి చెప్పేదాన్ని. సగం గుర్తుండి చావవు. ఆయన అలా శూన్యంలోకి చూస్తూ కూర్చునేవాడు. ఇక ఈ మనిషి గొంతు వినననే భయం నాలో రోజురోజుకీ ముదిరింది.

ఒకరోజు మునిమాపు వేళ, అద్దాల మేడల మీద ఎరుపు ఇంకా ఆరకముందే, రెండు క్రేన్ల నడుమ నిండు చంద్రుడు వచ్చాడు. కింద రోడ్డు హోరు నిద్రలో విన్నట్టు వినిపిస్తోంది. ఆ మెత్తటి వెలుతురులో నాకూ మనసు తేలిపోయింది.

“నీ కవితల నిండా వెన్నెలే కదయ్యా. వెన్నలా ఉంటుందనే ఆ పేరు పెట్టింటారు” అన్నాను. నేను నిజంగా అలాగే అనుకునేదాన్ని.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పెదాలు చాలాసేపు కదిలాయి.

“కా... కాదు. వెల్... తెలుపు. నెల... చందమామ.”

ఆ గొంతు మళ్లీ ఆగిపోతుందేమోనని మొండికేశాను. “కాదులే, వెన్నే.”

ఆయన కుర్చీ చేతిమీద గట్టిగా చరిచాడు.

“ఎవరు జెప్పిన్రే నీకు?”

ఎంత కోపమో! ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.