కొంగులో దాచిన చేతులు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లున్నప్పుడు, మా మేనత్త నడక చూడటానికి ఆమె అత్తగారు తనకల్లు నుంచి బస్సెక్కి మా ఊరు వచ్చింది. నడక చూడటానికే. కోడలిని చూడటానికి కాదు.

మేనత్తకు పెళ్లైన కొత్తలోనే కీళ్లవాతం పట్టుకుంది. కాన్పు తర్వాత మరీ ముదిరి తుంటి కదలకుండా పోయింది. మంచం దిగలేని కోడలు మాకెందుకని ఆమెను పుట్టింట్లో దించేసి, పాలు మరిచిన బిడ్డను మాత్రం వాళ్లే ఉంచుకున్నారు. నడిస్తే పిలుచుకుపోతామన్నారు. మా తాత ఆమెను బెంగళూరు తీసుకుపోయి తుంటికి ఇనుప కీలు వేయించాడు. ఇక నడుస్తుంది గానీ చేతుల్లో జబ్బు చేతుల్లోనే ఉంటుంది, మందులు మానొద్దు అని డాక్టరు చెప్పాడట. మా తాత చెవికి 'నడుస్తుంది' అన్నంతవరకే ఎక్కింది.

ఆ పొద్దు మా అవ్వ ఆమెకు తల దువ్వి, వంకరపోయిన వేళ్లను కొంగుతో కప్పి, "చేతులు బయటికి తియ్యగాకు మే" అని బతిమాలింది. అత్తగారు మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వాడు తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. మా తాత, సంతలో ఎద్దును నడిపించినట్టు, కూతుర్ని వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించాడు. అబ్బా, ఏం నడిచింది మా మేనత్త! కుంటు లేదు, మూలుగు లేదు.

"ఏం నడుస్తాండావమ్మీ! నా దిష్టే తగిలేట్టుండాది" అంటూ ఆ మహాతల్లి మెటికలు విరిచింది. మా అవ్వ కళ్లు తుడుచుకుంది. అప్పుడు అత్తగారు రొంటినున్న వక్కాకు తిత్తి తీసి, నవ్వుతూ కోడలి ముందుకు చాచింది.

"ఈ ముడి యిప్పి, నీ చేత్తో ఒక ఆకియ్యి."

మేనత్త కొంగులోంచి చేతులు తీసింది. వేళ్లతో పీకింది, మణికట్టుతో అదిమింది, చివరికి పళ్లతో కొరికింది. మేమందరం చూస్తూ కూర్చున్నాం. ముడి ఊడలేదు. అత్తగారు తిత్తి లాక్కుని, తానే విప్పుకుని, నింపాదిగా ఆకుకు సున్నం రాసుకుంది.

"కాలొక్కటి బాగైతే యేం జేస్తాదన్నా? బిడ్డకు మొలతాడు కడతాదా? బువ్వ కలిపి పెడతాదా?" అని మా తాతను అడిగి, మనవణ్ణి చంకనేసుకుని లేచింది.

మేనత్త వాళ్ల వెనకే రోడ్డు దాకా నడిచింది. ఎవరి ఊతమూ లేదు. బస్సు కదిలాక కూడా దాని వెనకాల దుమ్ములో ఎంతో దూరం నడిచింది. దారి పక్కన నిలబడ్డ జనం, "ఆపరేషను బాగా అయ్యిండాది, చూడు యెట్ల నడుస్తాండాదో" అని మెచ్చుకున్నారు.

ఇన్నేళ్లు గడిచాయి. ఇప్పటికీ ఎవరికైనా తుంటి ఆపరేషను బాగా జరిగిందని చెబితే, సంతోషం అనబోతాను. నా నోట మాత్రం వేరే మాట వస్తుంది.

"బిడ్డను ఇచ్చినారా?"