ఫెర్న్ అంటే ఫారిన్ అనుకున్న వైశాలి

వైశాలికి చదువు మీద మోజు ఎప్పుడూ పోలేదు. హన్మకొండలో ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసింది. ఆ తర్వాత పెళ్లి, జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ రావడం, రీతు పుట్టడం వరసగా జరిగిపోయాయి. ఇప్పుడు ముప్ఫై మూడేళ్లు. భర్త సుజిత్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తను స్టేషన్ దగ్గర బేకరీలో పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బ్రెడ్డు అమ్ముతుంది. మేం వాళ్ల కింది అంతస్తులోనే ఉంటాం. బేకరీలో మిగిలిన బ్రెడ్డు మాకూ ఇస్తుంది కాబట్టి ఆమె గురించి మంచిగా రాస్తున్నాననుకోకండి. తప్పు చేసిన చోట తప్పే రాస్తాను.

జర్మన్ ఆమెకి బేకరీకి సరిపడా వచ్చు. ఇరవై రకాల రొట్టెల పేర్లు గడగడా చెప్తుంది. కాగితం చదవమంటే మాత్రం సగం చదివి, మిగతా సగం ఊహించుకుంటుంది. అక్కడే వచ్చింది చిక్కు.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం డాక్టరమ్మ శారదాదేవి మా ఇంటికి టీకి వచ్చింది. ఎప్పుడో డెబ్బై ఒకటిలో గుంటూరు నుంచి ఈ దేశం వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలోనే రిటైరైంది. వైశాలి రీతుని చంకనేసుకుని, చేతిలో కేకు డబ్బాతో దిగింది.

"మాస్టర్స్‌ల చేరిన అక్కా" అంది. ముఖం వెలిగిపోతోంది. "ఫారినర్స్ కోసమే పెట్టిన కోర్సంట."

"ఫారినర్స్ కోసమా?" అంది డాక్టరమ్మ. "యాభై ఏళ్లకి పైగా నేనూ ఫారినర్నే. నాకోసం ఎవరూ ఏమీ పెట్టలేదే!"

"ఉంది డాక్టరమ్మా. పేరుల్నే ఉంది. ఫెర్న్‌ష్టూడియం. ష్టూడియం అంటే స్టడీ, ఫెర్న్ అంటే ఫారిన్."

డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. నవ్వలేదు. రీతు వైపు తిరిగి అడిగింది.

"ఏవే రీతూ, టీవీని మీ కీటా బళ్లో ఏమంటారే?"

"ఫెర్న్‌జేయర్" అంది ఐదేళ్ల రీతు, కేకు మీంచి చూపు తిప్పకుండా.

"జేయర్ అంటే చూసేది. మరి ఫెర్న్ అంటే?"

"వైట్ వెగ్!" అంది రీతు. చెయ్యి కిటికీ బయటికి చాపి చూపించింది. ఎక్కడో దూరంగా, అని.

వైశాలి కుర్చీలో కూలబడింది. "అంటే దూరవిద్యనా? డిస్టెన్సా?"

"డిస్టెన్సే పిల్లా. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చదవడం."

"మరి వాళ్ల కాగితం మీది బొమ్మల పచ్చగడ్డి మీద పిల్లలు కూసున్నరు గదా?"

"ఆ గడ్డి వాళ్ల ఆఫీసు ముందుదై ఉంటుంది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. కానీ నోరు ఊరుకోదు.

ఫీజు అడిగితే నెలకి మూడు వందల ఎనభై తొమ్మిది యూరోలంది. మూడేళ్లు. అంటే పద్నాలుగు వేలు. అంత కట్టమంటే అనుమానం రాలేదా అని అడిగాను. "ఇక్కడోళ్లకి ఫ్రీ, ఫారినోళ్లకి ఫీజుంటదేమో అనుకున్న" అంది. ఒక తప్పు పక్కన ఇంకో తప్పు ఎంత చక్కగా కూర్చుందో చూశారా! ఇదే ఊళ్లో గుట్ట మీదున్న యూనివర్సిటీలో ఎవరికైనా ఆరు నెలలకోసారి కట్టేది మూడొందల యాభై. బస్సు, రైలు టికెట్టు కూడా అందులోనే. రెండేళ్లకి పద్నాలుగు వందలు. సరిగ్గా ఒక సున్నా తేడా.

నాకూ వింతగానే అనిపించింది. మన దగ్గర కాలేజీకి వెళ్లలేనివాళ్లే దూరవిద్యలో చేరతారు, అది చవక కాబట్టి. ఇక్కడ ఇంట్లో కూర్చుంటే పద్నాలుగు వేలు, గుట్టెక్కితే పద్నాలుగు వందలు!

వైశాలి పైకెళ్లి ఒప్పందం తెస్తే, డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. పద్నాలుగు రోజుల్లోపు వద్దని రాసి పంపితే ఒక్క యూరో కట్టక్కర్లేదట. సంతకం పెట్టి పది రోజులైంది. ఇంకా నాలుగు రోజులున్నాయి.

సుజిత్ వచ్చాక మెట్ల మీదే వాదన మొదలైంది.

"ఉండనియ్. ఇంట్లనే చదువుకో, ఏమైతది?" అన్నాడు.

"పద్నాలుగు వేలు సుజిత్!"

"నువ్వు సున్నా ఒక్కటే చూస్తున్నవ్. గుట్ట మీదికి పోతే బేకరీ మానాలె. నెలకి తొమ్మిది వందలు. రెండేళ్లకి ఎంత? ఇరవై వేలు దాటుతది. ఏది చవక ఇప్పుడు?"

 నిజం చెప్తే లెక్క అతనిదే సరిగ్గా ఉంది. పైగా ఇంట్లో చదువుకి సీటు చేతిలో ఉంది. గుట్ట మీద సీటు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

మర్నాడు బేకరీ కాగానే "అక్కా, ఒక్కసారి చూసొద్దాం రా" అని నన్ను బస్సెక్కించింది. అడవి అంచున దిగాం. యూనివర్సిటీ ఆఫీసులో ఒక పెద్దావిడ ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది. ఈసారికి గడువు దాటిపోయింది, ఏప్రిల్‌లో మొదలయ్యే చదువుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, సీటుకి మాత్రం నేను మాటివ్వలేను, అని. క్లాసులు ఎక్కువగా పదింటికి మొదలవుతాయని ఒక పట్టిక కూడా ఇచ్చింది.

వెనక్కి వస్తుంటే ఒక పెద్ద హాలు తలుపు తెరిచి ఉంది. లోపల మెట్లుమెట్లుగా బల్లలు. ఎవరూ ఆపలేదని ఇద్దరం వెనక వరసలో కూర్చున్నాం. పంతులు బోర్డు మీద గీతలు, అలలు గీస్తున్నాడు. నాకు అక్షరం ముక్క అర్థం కాలేదు. వైశాలి మాత్రం ముందుకు వంగి, చేతిలోని టైముల పట్టిక వెనక గబగబా రాస్తోంది. కాసేపటికి పక్కనున్న అమ్మాయిని ఏదో అడిగింది. ఆ అమ్మాయి ముందు వరస అబ్బాయిని అడిగింది. అతను కాదన్నాడు. ముగ్గురూ గుసగుసలాడుకున్నారు.

పాఠం అయిపోగానే అందరూ పిడికిళ్లతో బల్లలు టకటకా కొట్టారు. నేను హడలిపోయి లేచాను.

"ఏందే, పంతులు మీద కోపమా?"

"కాదంటక్కా" అంది వైశాలి, పక్కనమ్మాయిని కనుక్కుని. "చప్పట్లంట. ఇక్కడ ఇట్ల కొడ్తరంట."

బస్సులో పట్టిక వెనక రాసుకున్నది మళ్లీ చదువుకుంది. తర్వాత అంది: "అక్కా, నేనడిగింది ఆ పిల్లకి గూడ తెల్వదు. తెల్వదని చెప్పి, ఇంకొకర్ని అడిగింది. నేను పదేండ్ల సంది ఎవర్నీ ఏమీ అడగలే."

ఆ సాయంత్రమే వద్దని ఉత్తరం రాసింది. డాక్టరమ్మ రెండు వాక్యాలు దిద్దింది. మర్నాడు రిజిస్టర్ పోస్టు. సుజిత్ అలిగాడు. "చేతిల ఉన్నది పడేసి, లేనిదానికోసం పోతానంటవ్" అన్నాడు. "సీటు రాకుంటే మళ్ల అడుగుతా, అప్పుడు తిట్టు" అంది.

తొమ్మిది వందల సంగతి మాత్రం ఆమెని వదల్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బేకరీ యజమానురాలిని అడిగింది, తెల్లవారుజాము పని ఇవ్వమని. అక్కడ పొద్దున ఐదింటికే పొయ్యి దగ్గర మనిషి కావాలి. ఆ టైముకి ఎవరూ రామంటారట. "నువ్వొస్తానంటే రేపటి నుంచే రా" అందట ఆవిడ. ఐదు నుంచి తొమ్మిది. అవే నాలుగు గంటలు, అదే జీతం. తర్వాత బస్సెక్కితే పదింటి క్లాసు.

మార్చిలో సీటు వచ్చింది. ఉత్తరం నాకు చూపించడానికి చెప్పులు కూడా వేసుకోకుండా దిగింది. లెక్కలో మిగిలింది ఒకటే. పొద్దున రీతుని లేపి, తయారుచేసి, కీటాలో దింపేది ఎవరు? సుజిత్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

క్లాసులు మొదలైన మొదటి రోజు, ఏడున్నరకి మా తలుపు కొట్టారు. తీస్తే సుజిత్. ఒక చేతిలో దువ్వెన. నోట్లో రబ్బరు బ్యాండు. పక్కన రీతు, జుట్టంతా ముఖం మీద పడి, కోపంగా.

"పాపా కాన్ దాస్ నిష్ట్!" అంది రీతు. నాన్నకి ఇది రాదు, అని.

సుజిత్ నోట్లోంచి బ్యాండు తీసి అడిగాడు. "అక్కా, జడకి మూడు పాయలా, నాలుగా?"