కారణం రాయాల్సిన గడి

మా అక్క సరిహద్దు కాపలా దళంలో చేరిన తొలి మహిళా జట్టులో మనిషి. ఆ దళానికి అప్పటికే యాభై ఏళ్ళు. శిక్షణలో చరిత్ర పాఠం ఉండేదట. మొదట్లో చేతికర్ర, లాంతరు పట్టుకుని గట్ల వెంట తిరిగే నలభై మంది. ఒక యుద్ధం తర్వాత యూనిఫారం, కంచె, కంచె పొడవునా ఇనుప మంచెలు. విధులూ వల్లె వేయించారు: కంచె మీంచి చూపు తిప్పకూడదు, గేటు దగ్గర మనుషుల్నీ సామాన్లనీ తనిఖీ చేయాలి, దారితప్పి వచ్చినవాళ్ళను మర్యాదగా అప్పగించాలి.

"పాఠంలో అన్నీ ఉన్నాయిరా, ఒక్కటి తప్ప," అనేది అక్క. "ఆ మంచెలు కట్టినవాడికి ఆడది పైకెక్కుతుందని కలలో కూడా తట్టలేదు."

మంచెకు ముప్పై ఎనిమిది మెట్లు. ఇద్దరేసి, ఆరేసి గంటలు డ్యూటీ. మగవాళ్ళకు కింద తుప్పలున్నాయి. ఆడవాళ్ళయితే క్యాంపు దాకా నడవాలి, పోనూ రానూ ఇరవై నిమిషాలు. అందుకని డ్యూటీ రోజున నీళ్ళే తాగకుండా ఉండటం అలవాటు చేసుకున్నారు. మంచె మీద రెండేళ్ళు నిలబడితేనే పై పదవికి దారి. నోరెత్తితే దించేస్తారేమోనని అందరికీ భయం.

అక్కతో జంటగా డ్యూటీ చేసే పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఎండాకాలంలో ఒకరోజు ఆ పిల్ల మెట్ల మీదే కూలబడింది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పాకింది. పదకొండు రోజులు ఆస్పత్రి. అంత ఎండలో గంటకు అర లీటరు చెమటకే పోతుంది. లోపలికి చుక్క వెళ్ళకపోతే కిడ్నీలు మాత్రం ఏం చేస్తాయి? మా పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు పక్క తడిపిందో కాగితం మీద గీతలు పెట్టుకునేవాణ్ణి నేను. ఆరు గంటలు గీత పడకపోతే డాక్టరుకు ఫోన్ చేసేవాణ్ణి. అక్కడ ఆరు గంటలు గీత పడకపోవడాన్నే క్రమశిక్షణ అన్నారు.

పిచ్చుకను చూడ్డానికొచ్చిన పోస్టు కమాండరు, "ఆడపిల్లలు కదా, సున్నితం," అన్నాడట. అక్క చెవిన పడింది.

మర్నాడు అక్క రెండు లీటర్ల సీసాతో మంచె ఎక్కింది. గంట తిరక్కుండానే దిగింది. క్షణం సేపు పోస్టు వదిలినా మంచె మీదుండే డ్యూటీ పుస్తకంలో టైమూ, కారణమూ రాయాలన్నది పాత నిబంధన. ఎవరూ పాటించని ఆ నిబంధనను అక్క పాటించింది. "దిగాను. కారణం: మంచె దగ్గర మరుగుదొడ్డి లేదు." మళ్ళీ గంటకు మళ్ళీ అదే వాక్యం.

అక్కకు 'నీళ్ళ ట్యాంకు' అని పేరు పడింది.

"ట్యాంకు నిండిందా అక్కా?" అన్నాడొక జవాను.

"నిండితేనేగా దిగేది. మరి నువ్వు తుప్పల్లోకి పోయినప్పుడల్లా రాశావా నాయనా?"

వాడు బుర్ర గోక్కుని జారుకున్నాడు. మిగతా ఆడవాళ్ళూ సీసాలు నింపడం మొదలుపెట్టారు.

మూడో వారంలో కమాండరే మంచె ఎక్కాడు. "ఏంటమ్మా ఈ రాతలు? నెలాఖరుకు ఈ పుస్తకం హెడ్డాఫీసుకు పోతుంది. పోస్టు పరువేం కాను?"

"నిబంధనే కద్సార్."

"రేపట్నుంచి నువ్వు మంచె ఎక్కొద్దు. స్టోర్‌లో దుప్పట్లు మడతపెట్టుకో."

అక్క లెక్క వేసుకుందట. తనను దించితే వెనకాలున్న వాళ్ళందర్నీ దించడం ఎంతసేపు? అయినా పుస్తకం ఆయన వైపు తిప్పి, మీద పెన్ను పెట్టింది.

"అలాగే సార్. మనిషిని పోస్టు నుంచి తీసేసినా కారణం రాయాలి. ఆ గడి మీరు నింపండి."

ఆయన తేదీ రాశాడు. టైము రాశాడు. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది. అనారోగ్యం అందామంటే ఒక్కరోజు సెలవు పెట్టిన మనిషి కాదు. తప్పు చేసిందందామంటే నిబంధన పొల్లుపోకుండా పాటించింది.

"ఏం రాయమంటావ్?"

"ఉన్నదే రాయండి సార్. నా చేత్తో నలభై ఒక్క చోట్ల రాశాను. చూసి రాసుకోండి."

ఆయన పెన్ను మూత పెట్టేసి చరచరా దిగిపోయాడు. ఆ సగం వరస ఇప్పటికీ పుస్తకంలో అలాగే ఉంది. తేదీ, టైము, ఒక ఖాళీ గడి.

అక్క మంచె మీదే ఉంది. పుస్తకం హెడ్డాఫీసుకు వెళ్ళింది. ఆరు వారాలకు ఇటుకలొచ్చాయి, మంచె కింద చిన్న గది లేచింది. కబురు తెలిసి ఫోన్ చేశాను.

"గెలిచావక్కా!"

"ఆగరా, ఇంకా రాస్తూనే ఉన్నాను."

"ఇప్పుడేం రాస్తున్నావ్?"

"ఇద్దరం దిగాం, మంచె ఖాళీ. కారణం: తలుపుకు లోపల గడియ లేదు, బయట ఒకరు కాపలా ఉండాలి. గదికి నలభై పైన పట్టాయి. గడియకెన్ని వరసలు పడతాయో చూద్దాం."

ఫోన్లో గటగటా నీళ్ళు తాగుతున్న చప్పుడు వినిపించింది.