వంకలో మూడు రాళ్లు

తొమ్మిదేళ్లుగా ఒక మనిషి నన్ను మంచివాడనే అనుకుంటున్నాడు. నేను మోస్తున్న బరువు అదే. ఒక్కసారి తిట్టి ఉంటే ఎప్పుడో దిగిపోయేదేమో. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా, దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని సర్దిచెప్పుకున్నానే గాని నోరు తెరవలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే కాబోలు.

అతన్ని ఇక్కడ మాబు అంటాను. అసలు పేరు రాయను. ఒకసారి చెప్పిందే చాలు.

మాబుది ఆళ్లగడ్డ. ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా తిరిగి ప్రకటనలు చెప్పేవాడు. కొత్త బట్టల కొట్టు, కంటి శిబిరం, తప్పిపోయిన బర్రె, ఏదైనా సరే అతని గొంతులో వస్తే జనం పని ఆపి వినేవారు. నేను అప్పట్లో శిరివెళ్ల మండలాఫీసులో గుమాస్తాను. సాయంత్రం బస్సు వచ్చేదాకా నేనూ, అతనూ, ఇంకో ఇద్దరూ టీ కొట్టులో కూర్చునేవాళ్లం. మా ముగ్గురి ముందే చూపించే విద్య ఒకటి అతని దగ్గర ఉండేది. మా ప్రాంతపు నాయకుడి గొంతు అచ్చు గుద్దినట్టు దించేవాడు. ఏ నాయకుడు, ఏ పార్టీ అని అడగకండి.

మండలంలో ఒక పల్లెకు వంక అడ్డం. వానలు పడితే పిల్లలకు బడి లేదు, నెలలు నిండిన మనిషికి ఆసుపత్రి లేదు. అక్కడ వంతెన కట్టిస్తానని ఆ నాయకుడు మూడుసార్లు శంకుస్థాపన చేశాడు. ఆ సంగతి మాబుకు చెప్పింది నేనే. ఫైలు నా బల్ల మీదే ఉండేది. నేను నవ్వుతూ చెప్పాను. అతను నవ్వలేదు. రెండు రోజుల తర్వాత నాయకుడి గొంతు ఒకటి అందరి ఫోన్లలో తిరగడం మొదలుపెట్టింది.

"సోదరులారా, ఈ వంకలో ఇప్పటికి మూడు రాళ్లేసినా. ఇంకో నాలుగేస్తే వాటి మీద కాళ్లు పెట్టుకుంటా మీరే అవతలికి పోవచ్చు. మళ్లా వంతెన యాల?"

నంద్యాల రైసుమిల్లుల్లో నవ్వారు. బస్సుల్లో నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కింద ఇంకేదో ఉంది. సంగతి నాది, నిజమే. కానీ ఆ మాట నేను జన్మలో అనగలిగేవాడినా? రెండేళ్లు ఆ ఫైలు నా ముందుంది. నాకది కాగితాల కట్ట. అతనికి మాత్రం మోకాళ్లలోతు నీళ్లలో నిలబడిన నిండు గర్భిణి కనిపించింది. అతను నాకంటే పెద్దవాడని ఆ రోజే తెలిసింది. తెలియడం నాకు నచ్చిందా?

వారం తిరక్కముందే నాయకుడి మనిషి ఒకతను మా ఆఫీసుకు వచ్చాడు. నా భార్య నంద్యాలలో టీచరు. అక్కడికి బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ అతని చేతిలో ఉంది. ఫోన్లో ఆ గొంతు వినిపించి, ఇది ఎవరి పనో తెలుసా అని అడిగాడు. బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. భయపడి చెప్పానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ చెబుతున్నప్పుడు నా గొంతు వణకలేదు. భయపడ్డవాడి గొంతు అలా ఉంటుందా?

నాలుగో రోజు పొద్దున, సిఫారసు ఉత్తరం తీసుకెళ్లమంటే నాయకుడి ఇంటికి వెళ్లాను. వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరు మనుషులు మాబును తీసుకొచ్చారు. నన్ను చూడగానే అతని ముఖం పాలిపోయింది. నన్ను కూడా పట్టుకొచ్చారనుకున్నాడు. వెంటనే చూపు తిప్పుకుని, నన్ను ఎరగనివాడిలా ముందుకు నడిచాడు.

"నా మాదిరి మాట్లాడతావంట కదా. యాదీ, నా ముందర మాట్లాడు" అన్నాడు నాయకుడు. చేతులు కట్టుకుని క్షమాపణ చెబుతాడని అందరం అనుకున్నాం.

"మాట్లాడతా సార్. ఫోన్లో అంత బాగా రాల్యా" అన్నాడు మాబు.

కండువా సర్దుకున్నాడు, నాయకుడు సర్దుకున్నట్టే. గొంతు సవరించుకున్నాడు, ఆయన సవరించుకున్నట్టే. మూడు రాళ్ల మాట మొత్తం చెప్పి, కొత్తగా ఇంకోటి చేర్చాడు. "రాళ్లు సాలకపోతే చెప్పండి. నా విగ్రహానికి తెచ్చిన రాయి ఒగటి ఉంది, అదీ వేస్తా." మొదట, అర్జీ పట్టుకొచ్చిన ముసలి రైతు ఒకాయన నవ్వాడు. తర్వాత గన్‌మ్యాన్ గోడవైపు తిరిగి భుజాలు కదిపాడు. నాయకుడు మాత్రం నవ్వలేదు.

"మూడుసార్లని నీకు చెప్పిందెవురు? ఆఫీసులో ఎవుడున్నాడు?"

మాబు నావైపు చూడనైనా లేదు.

"చెప్పేదేముంది సార్. రాళ్ల మీద మీ పేరుంది. నాకు చదవను వస్తాది."

అతన్ని కొట్టలేదు. పొమ్మన్నారు. మరుసటి రోజు నుంచి ఆళ్లగడ్డలో ఎవరూ అతనికి ప్రకటన ఇవ్వలేదు. మైకుకు అనుమతీ రాలేదు. నాకు నంద్యాల వచ్చింది. ఏడాది తిరిగేలోగా ఆ వంక మీద వంతెన కూడా వచ్చింది. ఆ నవ్వు ఆగాలంటే కట్టక తప్పలేదు మరి. శిలాఫలకం మీద నాయకుడి పేరు ఉంది.

పోయినేడు పాణ్యం బస్టాండులో అతన్ని చూశాను. తోపుడు బండి మీద జామకాయలు. మైకు లేదు, గొంతు మాత్రం అదే. "ఎలక్షన్ ముందర ఎంత తియ్యగుంటాయో, గెలిచినాంక గూడా అంతే తియ్యగుండే కాయలమ్మా" అని అరుస్తుంటే ఆడవాళ్లు నవ్వుతూ కొంటున్నారు. తప్పించుకుందామనుకునేలోపే చూశాడు. వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు నిన్నేమన్నా చేసినారా ప్పా?"

"లేదు" అన్నాను.

"పోనీలే. ఇన్నాళ్లూ నాకదే దిగులుండె."

అక్కడే చెప్పొచ్చు. బస్సు కదలడానికి ఇంకా సమయం ఉంది. అతను నా సంచిలో కాయలు వేస్తుంటే పట్టుకుని నిలబడ్డాను. ఒకరిని కాపాడానన్న తృప్తి అతనికి మిగిలింది, దాన్నెందుకు లాక్కోవడం అని దారి పొడుగునా అనుకున్నాను. అది కూడా సాకే.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. అతని పేరు చెప్పింది నేను. భయం కొంత, బదిలీ కొంత, అతనంతవాణ్ణి కాలేనన్న కడుపుమంట మిగతాదంతా. ఈ మాట పూర్తిగా రాయడం ఇదే మొదటిసారి. మళ్లీ చదివాను. ఏదీ కొట్టేయలేదు.