గల్లీకి చల్లన, నానమ్మకు వెచ్చన

ఆ సాయంత్రం మా నానమ్మ నోట వచ్చిన మాట నాది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మధ్యలో, నేను ఇంటర్ చదివే రోజులు. శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన మా బాపుకు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం ఉండేది. దాని వెనక రెండు గదుల్లో మా కాపురం. ఆ చలికాలం నానమ్మ మంఖాల్ నుంచి మా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఉబ్బసం. హిమాయత్ సాగర్ వైపు నుంచి చలిగాలి మొదలైతే పడుకోలేక కూర్చునే ఉండేది. కుంపటి పెడితే పొగకు దగ్గు ముదిరేది. గది వెచ్చగా ఉంచలేకపోతే దవాఖానలో చేర్చమన్నాడు డాక్టర్. క్రిస్మస్ ఆరాధన వదిలి దవాఖాన మంచం ఎక్కనని నానమ్మ పట్టు.

హీటర్ పెట్టి చూశాం. దాని ముందు కూర్చుంటే ముఖం కాలేది, వీపు వణికేది, మీటర్ మాత్రం గిర్రున తిరిగేది. అప్పుడు బాపు ఒక పాత కిటికీ ఏసీని బాగుచేసి, నానమ్మ గది కిటికీలో వెనక్కి తిప్పి బిగించాడు. చల్లగాలి వచ్చే ముఖం గల్లీలోకి, వేడి వదిలే వీపు గదిలోకి. నీళ్లు లోపలికి కారకుండా కొంచెం బయటికి వాల్చాడు. మీటలు కూడా గల్లీలోనే ఉండిపోయాయి.

ఎదురింటి టైలర్ మామ ఊరుకుంటాడా?

"ఏందన్నా, గల్లీకి ఏసీ పెడుతున్నవా? మా మంచాలు ఈడికే తెచ్చుకోవాల్నా?"

"తెచ్చుకో, కిరాయి అడగను" అని బాపు నవ్వుతూ మీట తిప్పాడు.

ఫ్యాన్ తిరిగింది. కంప్రెసర్ మాత్రం ఉలకలేదు. మళ్లీ తిప్పాడు. లేదు. వైర్లన్నీ చూశాడు. జనం గుమ్మం దాకా వచ్చారు. బాపు ముఖంలో నవ్వు పోయింది.

అది ఎందుకు ఆగిందో నాకు తెలిసింది. దుకాణంలో ఏసీలతో వచ్చే ఇంగ్లీషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. ఆ యంత్రం చలిని పుట్టించదు. ఒకవైపు వేడిని ఇంకోవైపుకు మోస్తుంది, అంతే. ఫ్రిజ్ వెనక గొట్టాలు వెచ్చగా ఉండేది లోపలి వేడి అక్కడికి చేరినందుకే. చలిగాలిలోనూ ఎంతో కొంత వేడి ఉంటుంది. గొట్టాల్లోని గ్యాస్ దాన్ని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ గ్యాస్‌ను నొక్కి ఇంకా వేడిచేసి గదిలోకి పంపితే, అది అక్కడ తన వేడిని వదులుతుంది. అందుకే అదే కరెంటుకు హీటర్ కంటే ఎక్కువ వెచ్చదనం. పొగ ఉండదు. కానీ చల్లదనాన్ని చూసి కంప్రెసర్‌ను ఆపే థర్మోస్టాట్ ఇప్పుడు గల్లీ వైపు ఉంది. బయటి చలి తగలగానే, పని అయిపోయిందనుకుంటోంది.

అంతమంది ముందు బాపుకు చెప్పడానికి సిగ్గేసింది. నానమ్మ చెవిలో చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో గానీ గట్టిగా కేకేసింది.

"ఓరేయ్ కొడుకా! గల్లీ చలి తాకి, పనైపోయిందని ఊకున్నదిరా అది! చలి చూసేదాన్ని పీకెయ్!"

బాపు నుదురు కొట్టుకున్నాడు. థర్మోస్టాట్ తప్పించి వైర్లు నేరుగా కలిపాడు. నానమ్మ మంచం పక్కనే స్విచ్ పెట్టి, ఆమె చేతనే వేయించాడు. కంప్రెసర్ గుర్రుమంది. కాసేపటికి వెచ్చటి గాలి ఆమె కాళ్లకు తగిలింది.

"అవ్వా, గివన్నీ ఏడ చదివినవే?" అన్నాడు టైలర్ మామ.

"నువ్వు అంగీలు కుట్టుడు నేర్చినకాడ్నే" అంది నానమ్మ.

ఆ రాత్రి ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. క్రిస్మస్ రోజు చర్చిలో నా పక్కన నిలబడి ప్రతి పాటనూ చివరి చరణం దాకా పాడింది. ఎక్కడా దగ్గలేదు. అందరూ పుట్టిన ప్రభువును తలుచుకుంటుంటే నేను మా కిటికీలోని ఏసీని తలుచుకుని గర్వపడ్డాను. చూడడానికి వచ్చిన వాళ్లకల్లా బాపు "మా అమ్మ తెలివి" అని చెప్పుకునేవాడు. నేను డైరీలో రాసుకుని నవ్వుకునేదాన్ని.

ఎండలు ముదిరాక బాపు ఏసీని మామూలుగా తిప్పి పెట్టాడు. నానమ్మ మంఖాల్ బయలుదేరింది. ఆ వానాకాలంలోనే అక్కడ కన్నుమూసింది. మా దగ్గరి నుంచి వెళ్లిన రోజు బస్సు ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుని అన్న మాటే చివరిది.

"బిడ్డా, నా నోరు నీకు ఒక్కసారికే అరువిచ్చిన. ఇగ నువ్వే మాట్లాడు."